పెన్‌డ్రైవ్‌లు పంపిన అందరికీ, పర్లాకిమిడి నుంచి దండాలు

ఈ నెల రోజుల్లో మా ఫొటో స్టూడియోకి వచ్చి, ఫోన్ చేసి, పార్సిల్ పంపి సాయం చేసిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పేర్లు వద్దని కొందరన్నారు కాబట్టి ఎవరివీ రాయడం లేదు. పెళ్ళి ఫొటోలు ఎలా పోయాయో మాత్రం చెప్పాలి, ఎందుకంటే సగం ఊరు "క్లౌడ్ వాళ్ళు ముంచేశారంట" అనుకుంటోంది. వాళ్ళు ముంచలేదు. నా చేతులారా చేసుకున్నదే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి దుకాణంలోకి నీళ్ళొచ్చి హార్డ్ డిస్కులు రెండూ పోయాయి. ఇక వాటి జోలికి పోనని ఒట్టేసుకుని, నెలనెలా డబ్బు కట్టి పెళ్ళి ఫొటోలన్నీ క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా వేరే కంపెనీ కంప్యూటర్లలో, పెట్టాను. అక్కడికి వాన రాదు, ఎలుక రాదు. ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేదు కూడా. మొన్న సీజన్ ముందు కంప్యూటర్లో జాగా చాలక మా మేనల్లుడు పాత ఫోల్డర్లు తీసేశాడు. "పైన ఉన్నాయిగా మావయ్యా" అన్నాడు. నేనూ తలూపాను. అది సింక్ ఫోల్డరు. ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. వాళ్ళ చెత్తబుట్టలో 30 రోజులుంటాయి. ఆ 30 రోజులూ మేం పెళ్ళిళ్ళలో ఉన్నాం.

కాశీనగర్ నుంచి ఒకాయన వచ్చాడు. తండ్రి పోయాడు, పెదకర్మకి పటం కట్టించాలి. కొడుకు పెళ్ళిలో అక్షింతలు వేస్తూ నవ్విన ఫొటో ఒక్కటే బాగుంటుందట. ఫోల్డరు తెరిచాను, ఖాళీ. పక్క సంవత్సరం తెరిచాను, అదీ ఖాళీ. "సాయంత్రం రండి" అని పంపేసి షట్టరు సగం దించుకుని కూర్చున్నాను.

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడికి మొదటి దండం. ఇంట్లో ఒడియా మాట్లాడినా నన్ను తిట్టడానికి తెలుగే వాడాడు. "ముందు దాన్ని ఆఫ్ చెయ్యి, ఒక్క ఫొటో కూడా దాంట్లోకి ఎక్కించకు" అన్నాడు. తీసేసిన ఫైలు ఇలాంటి హార్డ్ డిస్కులోంచి వెంటనే పోదట, దాని మీద కొత్తది పడితేనే పోతుందట. మూడు రాత్రులు కూర్చుని దొరికినంత బయటికి లాగాడు. నా మొహం చూసి, 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని దేజాన్‌లో సర్కారు డేటా సెంటర్ అంటుకుని 858 టెరాబైట్ల సర్కారు ఫైళ్ళు పోయాయని, వాటికి బయట ఇంకో కాపీ లేదని చెప్పాడు. ఓదార్పో ఎత్తిపొడుపో తెలియలేదు. 2024లో ఆస్ట్రేలియా పింఛను సంస్థ యూనిసూపర్ ఖాతా గూగుల్ క్లౌడ్‌లో పొరపాటున చెరిగిపోతే, తేరుకోవడానికి వేరే కంపెనీ దగ్గర దాచుకున్న కాపీ కూడా సాయపడిందన్న సంగతీ అతనే చెప్పాడు.

విశాఖలో ఆల్బమ్‌లు ప్రింట్ చేసే ల్యాబ్ వాళ్ళు పాత షీట్లు పారేయకుండా ఉంచారు. కాశీనగర్ ఆయన ఫొటో వాళ్ళ దగ్గరే దొరికింది. పదో రోజు రాత్రి పటం కట్టి ఇచ్చాను, డబ్బు తీసుకోలేదు.

ఇక పాతపట్నం, మెళియాపుట్టి, గుణుపురం వాళ్ళు. నేను ఎప్పుడో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లు వెతికి తెచ్చారు. ఒక పిన్నిగారు పట్టుచీర మడతలోంచి తీసి తెచ్చారు, చేతిలో పెడితే కలరా ఉండల వాసన. కూతురి పెళ్ళి చీరట, ఆ పెన్‌డ్రైవ్ దాంతోపాటే ఉండాలని దాచారట. కాపీ చేసుకుని ఆవిడ చుట్టి తెచ్చిన జేబురుమాలులోనే చుట్టి ఇచ్చేశాను.

184 పెళ్ళిళ్ళలో 141 తిరిగొచ్చాయి. క్లౌడ్ మానలేదు, డబ్బు కడుతూనే ఉన్నాను. దాంతోపాటు రెండు డిస్కులు కొన్నాను. ఒకటి దుకాణంలో, రెండోది మహేంద్రతనయ నది అవతల మా బావ ఇంట్లో బీరువాలో. ఆదివారం ఆదివారం మోసుకెళ్తుంటే బావ నవ్వుతున్నాడు, నవ్వనీ.

మిగిలిన 43 పెళ్ళిళ్ళు ఎక్కువగా 2019 నుంచి 2021 మధ్యవి. మీ ఇంట్లో నా స్టిక్కరున్న పెన్‌డ్రైవ్ కనిపిస్తే ఒక్క పూట ఇప్పించండి. ఆదివారం సాయంత్రం తప్ప ఎప్పుడైనా దుకాణంలోనే ఉంటాను.