రాక్ చరిత్రలో రొసెట్టా థార్ప్ పేరేదీ?

సంపాదకులకు నమస్కారం.

రాక్ సంగీతం పుట్టుక గురించి మన పత్రికల్లో ఏ వ్యాసం వచ్చినా ఎల్విస్ ప్రెస్లీతోనో, చక్ బెర్రీతోనో మొదలవుతుంది. వాళ్లిద్దరి కంటే ముందే ఎలక్ట్రిక్ గిటార్ భుజాన వేసుకుని చర్చి పాటలను ఉర్రూతలూగించిన సిస్టర్ రొసెట్టా థార్ప్ ఊసే ఉండదు. ఇది అన్యాయం.

ఆమె 1915లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో ఉన్న కాటన్ ప్లాంట్‌లో పుట్టింది. 1944లో రికార్డు చేసిన ‘స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే’ మరుసటి ఏడాది నల్లజాతి సంగీతానికి అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ విడిగా వేసే పట్టికలో మొదటి పది స్థానాల్లోకి చేరింది. భక్తి పాటకు అది మామూలు విషయం కాదు. 1947లో మేకన్ పట్టణంలో ఓ కుర్రాడిని వేదిక ఎక్కించి పాడించి, చేతిలో డబ్బులు కూడా పెట్టింది. ఆ కుర్రాడే తర్వాత రాక్ తారగా ఎదిగిన లిటిల్ రిచర్డ్!

1964 మేలో మాంచెస్టర్‌లో మూతపడిన ఓ రైల్వే స్టేషన్‌లో టీవీ కోసం ఆమె ఇచ్చిన కచేరీ తప్పక చూడాలి. ప్రేక్షకులంతా ఒక ప్లాట్‌ఫాం మీద, కళాకారులు అవతలి ప్లాట్‌ఫాం మీద. వాన పడుతోంది. గుర్రపు బండి దిగి, పొడవాటి కోటుతోనే తెల్ల గిటార్ అందుకుని, ఆ వానకు తగ్గట్టే ‘డిడింట్ ఇట్ రెయిన్’ (వాన కురవలేదా) పాట ఎత్తుకుంది. ఆ వేళ్ల వేగం చూస్తే ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఇట్టే తెలిసిపోతుంది.

1973లో చనిపోతే ఏళ్ల తరబడి ఆమె సమాధికి పేరు చెక్కిన రాయి కూడా లేదు. రాక్ దిగ్గజాలను గౌరవించే అమెరికా సంస్థ రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది 2018లో! వచ్చే మార్చి 20న, ఆమె పుట్టినరోజు నాడు, మీ ఆదివారం అనుబంధంలో ఒక పూర్తి పేజీ ఆమెకు కేటాయించాలని మనవి.

— ఒక పాఠకురాలు, ఖమ్మం