ఆ ఖాళీ గీత గురించి

ఒరేయ్,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా నన్ను వదల్లేదురా. నాన్నగారు పోయిన రాత్రి అంబులెన్స్‌లో వచ్చిన అబ్బాయి అంతసేపు ఛాతీ నొక్కి, చివరికి ఎవరితోనూ ఏమీ చెప్పకుండా తల దించుకుని సామాను సర్దుకున్నాడన్నావు. అతని మీద కోపం పెట్టుకోకు. సీపీఆర్ ఎలా చేయాలో నేర్పి ఉంటారు, అది ఫలించకపోతే ఇంట్లోవాళ్లతో ఏం మాట్లాడాలో నేర్పి ఉండరు. నాకూ ఎవరూ నేర్పలేదు.

అంబులెన్స్ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇంట్లో, మానిటర్ మీద గీత తిన్నగా పోతున్నా, "సీరియస్‌గా ఉందమ్మా, హాస్పిటల్‌కి తీసుకెళ్దాం" అన్నాను. ఆవిడ గబగబా ఆయన కళ్లజోడు వెతికి, కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది, లేచాక అది లేకపోతే ఆయనకేమీ కనబడదని. దారి పొడుగునా అది నా జేబులోనే ఉందిరా.

ఇప్పుడు కొత్త ఈఎమ్‌టీలకు, అంటే అంబులెన్స్‌లో వెళ్లి అత్యవసర చికిత్స చేసేవాళ్లకు, నేను చెప్పే క్లాసు దీని గురించే. అమెరికాలో చెరీ హాబ్‌గుడ్ అనే ఎమర్జెన్సీ డాక్టర్ వాళ్ల బృందం 'గ్రీవింగ్' (GRIEV_ING) అని, చావు కబురు చెప్పడానికి ఒక పద్ధతి తయారుచేసింది. దాన్ని ముందు జూనియర్ డాక్టర్లకు నేర్పారు, అక్కడి అంబులెన్స్ సిబ్బంది, పారామెడిక్‌లకు నేర్పిన ఫలితాలు 2013లో వచ్చాయి. ఆ ఇంగ్లీషు మాటలో ఒక్కో అక్షరం ఒక్కో పని: అందర్నీ ఒకచోట కూర్చోబెట్టడం, మనమెవరమో చెప్పడం, జరిగింది చెప్పడం, అలా. ఆ మాట మధ్యలో ఒక ఖాళీ గీత పెట్టారు. అక్కడ మనం నోరు మూసుకుని ఉండాలి, అంతే.

అన్నిటికంటే కష్టం అదేరా! నిన్న క్లాసులో ఒకమ్మాయి చనిపోయినాయన భార్యగా నటిస్తుంటే ఎదురుగా ఉన్న కుర్రాడు పది సెకన్లు ఆగలేకపోయాడు, "ధైర్యంగా ఉండండమ్మా, ఏడవకండి" అనేశాడు. ఏడవనీ, ఎందుకు ఏడవకూడదు?

అమెరికాలో అయితే చాలాసార్లు డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడి ఇంట్లోనే సీపీఆర్ ఆపేస్తారు, కబురు చెప్పేదీ పారామెడిక్కే. మన దగ్గర చనిపోయారని ధ్రువీకరించాల్సింది డాక్టర్. అందుకే మనవాళ్లు 'సీరియస్' అనే మాట పట్టుకుని వేలాడతారు. నేను నేర్పేది ఇది: "గుండె ఆగిపోయిందమ్మా, ఊపిరి లేదు. మేం చేయగలిగిందంతా చేస్తున్నాం, ఆశ చాలా తక్కువ. డాక్టర్‌గారు చూసి చెప్తారు." డాక్టర్ చెప్పేశాక మాత్రం "చనిపోయారు" అనే అనాలి. "ఇక మన చేతుల్లో లేదు" అంటే ఆ టెన్షన్‌లో తలకెక్కదు, పెద్ద హాస్పిటల్‌కి ఎటు వెళ్లాలని అడుగుతారు. ఇంకోటి, 'బాడీ' అనొద్దంటాను. నిమిషం క్రితం దాకా ఆయన వాళ్ల నాన్న. "నాన్నగారిని" అంటే ఏం పోయింది?

ఆ తర్వాత వాళ్లు అడగలేని సంగతులు మనమే చెప్పాలి. 108లో పార్థివదేహాన్ని తీసుకెళ్లరు, వేరే బండి మాట్లాడుకోవాలి. యాక్సిడెంటైతే పోలీసులు, పోస్ట్‌మార్టం ఉంటాయి. వెళ్లే ముందు గ్లవ్స్, ప్లాస్టిక్ కవర్లు ఏరి, దుప్పటి సరిచేసి రావాలి.

వచ్చే శనివారం మళ్లీ క్లాసుంది. ఆ రాత్రి అమ్మ ఏ మాట వినాలనుకుందో, వీలు చూసుకుని మెల్లగా అడుగుతావా? చెప్పలేనంటే బలవంతపెట్టకు.

నీ
నేస్తం