చిన్న పరిశ్రమల మంత్రి గారికి రాయదుర్గం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

అర్జీలు ఇచ్చి ఇచ్చి విసుగొచ్చి ఇట్ల నలుగురి ముందర రాస్తాండా, ఏమీ అనుకోవద్దండి. సోమవారం పోయి అర్జీ ఇస్తే కొన్నాళ్లకు ఫోన్‌కు మెసేజ్ వస్తాది, మీ సమస్య పరిష్కారమైంది అని. ఏం పరిష్కారమైందో ఆ దేవుడికే తెలియాల.

మాది జీన్స్ కుట్టే చిన్న యూనిట్ సార్. బళ్లారి సేట్లు కట్ చేసిన బట్ట పంపిస్తే పీసు లెక్కన కుట్టిస్తాము. ఇప్పుడు వాళ్లు జేబు మూలల్లో, బెల్టు లూపుల మీద కుట్టు కంప్యూటర్ బార్‌టాక్‌తోనే, అంటే ఊడిపోకుండా దగ్గర దగ్గరగా గట్టి కుట్టేసే మిషన్‌తోనే రావాల అంటాండారు. మా దగ్గరుండేది సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన పాత మిషన్, దారం తెగినా తెలీదు, అట్లే పోతాంటాది, తర్వాత జేబు గట్టిగా గుంజితే మూల ఊడొస్తాది, ఆ పీసు వాపస్, ఆ కూలి మాకు కట్.

సరే, టెక్నాలజీ మార్చుకోండి అని మీరు సదస్సుల్లో చెప్పేదీ అదే కదా అని లోన్‌కు పోతే, సెంట్రల్ వాళ్ల సబ్సిడీ లోన్ స్కీమ్ పీఎంఈజీపీ కొత్త యూనిట్లకే అన్నారు. ఉన్న యూనిట్ పెంచుకునేదానికి కోటి దాకా రెండో లోన్ ఉంది, 15 శాతం సబ్సిడీ కూడా ఉంది, కానీ ముందు పీఎంఈజీపీనో ముద్ర లోనో తీసుకొని కట్టేసినోళ్లకేనంట. మేము గవర్నమెంట్‌ను ఒక్క రూపాయి అడగకుండా ఇంట్లో బంగారం కుదవపెట్టి షెడ్డు వేసుకున్నాం, అందుకా సార్ ఈ శిక్ష? మిషన్ల మీద 15 శాతం సబ్సిడీ ఇచ్చే సెంట్రల్ స్కీమ్ సీఎల్‌సీఎస్‌ఎస్ ఎస్సీ ఎస్టీ యూనిట్లకు తప్ప మిగతావాళ్లకు 2020లోనే ఆగిపోయింది, బట్టల రంగానికుండే మిషన్ల సబ్సిడీ స్కీమ్ టఫ్స్ 2022 మార్చితో అయిపోయింది. రాష్ట్రం సబ్సిడీ అడిగితే ముందు కొనండి, తర్వాత బిల్లులు పెట్టండి అంటారు. కొనేదానికి డబ్బులుంటే మీ గుమ్మం ఎందుకు తొక్కుతాం సార్.

చిన్న యూనిట్లకుండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకోమంటే చేసుకున్నాం, క్యూఆర్ కోడ్ ఉండే సర్టిఫికెట్ లామినేషన్ చేయించి గోడకు తగిలించినాం. బ్యాంకులో దాన్ని కన్నెత్తి కూడా చూడరు, సెక్యూరిటీ ఏముంది అంటారు, చిన్న లోన్లకు సెక్యూరిటీ అడగకూడదని ఆర్‌బీఐ చెప్పింది కదా అంటే ఏం చదువుకున్నావప్పా నువ్వు అని నవ్వుతారు.

రాష్ట్రం చిన్న పరిశ్రమల 2024 పాలసీ అప్పట్నుంచి ఇంటికో పారిశ్రామికవేత్త అంటాండారు. మా ఇంట్లో ఆల్రెడీ ఒకడుండాడు సార్, ముందు వాడిని బతకనీయండి, కొత్తోళ్ల సంగతి తర్వాత చూద్దురు.

ఆ రెండో లోన్ రూలు మార్పించండి, సెంట్రల్ స్కీమ్ మా చేతిలో లేదంటారేమో, ఢిల్లీకి ఒక లెటరన్నా రాయండి. అదీ కాకపోతే రాయదుర్గంలోనే ఒక కామన్ ఫెసిలిటీ సెంటర్ పెట్టి అందరం వాడుకునేలా నాలుగు మంచి మిషన్లు, మిషన్‌లో కంప్యూటర్ బోర్డు కాలిపోతే బాగుచేసే ఒక మెకానిక్‌ను పెట్టించండి, ఇప్పుడైతే వానికోసం బెంగళూరుకు ఫోన్ కొట్టాల్సొస్తాంది. ఊరికే వద్దు సార్, బాడుగ కట్టే వాడుకుంటాం.

ఇట్లు,
రాయదుర్గంలో ఒక చిన్న యూనిట్ ఓనరు
అనంతపురం జిల్లా