అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టును ఒక రోజు ముందే చేర్చండి

సంపాదకుల వారికి,

నమస్కారం.

కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ గురించి పేపర్లో వచ్చేది రెండు ముక్కలే. ఫలానా జట్టు గెలిచింది, ఫలానా జట్టు తొలి రౌండ్‌లోనే ఇంటిదారి పట్టింది. ఓడిన జట్టు ఆ గ్రౌండ్‌కి ఏ బస్సు పట్టుకుని, ఎన్ని గంటలు మేలుకుని, ఏం తిని చేరిందో ఎవరికీ తెలియదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి అమ్మాయిల జట్లను బయటి ఊళ్లకు తీసుకెళ్లే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఆ సంగతే రాస్తున్నాం. మేము అడిగేది రెండే. మ్యాచ్‌కు 24 గంటల ముందు జట్టు ఆ ఊళ్లో దిగి ఉండాలి. దానికయ్యే డబ్బు బయల్దేరక ముందే మేనేజరు చేతిలో పడాలి, తిరిగొచ్చి బిల్లులు పెట్టుకున్నాక కాదు.

ఆఖరి ఏడాది పిల్లల కోసమే ఇంత గట్టిగా అడుగుతున్నాం. అంతర కళాశాలల పోటీల్లో ఆడినవాళ్లలోంచి యూనివర్సిటీ జట్టును ఎంపిక చేస్తారు. ఆ జట్టు సౌత్ జోన్ అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తుంది. అక్కడ మొదట నాకౌట్, చివరికి మిగిలిన నాలుగు జట్లకే లీగ్, ఆ పైన ఆలిండియా. అంటే మూడేళ్లు పొద్దున్నే లేచి గ్రౌండ్‌కి వచ్చిన పిల్లకు దక్కేది ఒక్కోసారి 90 నిమిషాలే. మన దగ్గర డిగ్రీతో చదువు ఆగిపోయే అమ్మాయిలు, ఆ వేసవిలోనే పెళ్లయ్యే అమ్మాయిలు తక్కువేం కాదు. ఆ 90 నిమిషాలు నిద్రమొహంతో ఆడితే మళ్లీ ఆడించే దారి లేదు.

మన జిల్లాలకు ఇంకో కష్టముంది. మిగతా రాష్ట్రానికి వానలు తగ్గే వేళకు మనకు ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. సరిగ్గా జట్టు తయారు కావాల్సిన నవంబరు, డిసెంబరుల్లోనే గ్రౌండ్లు నీళ్లలో ఉంటాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచాంగ్ తుపాను తీరం దాటినప్పుడు నెల్లూరు ఎలా మునిగిందో అందరికీ గుర్తుంది. ఒంగోలు వైపు నల్లరేగడి అయితే ఎండితే రాయి, తడిస్తే బంక. కాబట్టి అసలు సాధన ఆగస్టు, సెప్టెంబరుల్లోనే అయిపోవాలి. నవంబరులో ఎంపికలు పెట్టి డిసెంబరులో పంపడమంటే పది రోజుల జట్టును పంపడమే.

ఇక టికెట్ల సంగతి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. పోటీల తేదీలు, ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే డ్రా అంత ముందుగా చేతికి రావు. 18 మంది ఆటగాళ్లు, కోచ్, మేనేజరు, మొత్తం 20 మంది అనుకోండి. ఒక టికెట్ మీద ఆరుగురికే చోటు, అంటే నాలుగు టికెట్లు. తత్కాల్‌కి వెళ్తే నలుగురికే, అంటే అయిదు టికెట్లు. స్లీపర్ తత్కాల్ ముందు రోజు 11 గంటలకు తెరుచుకుంటుంది. అయిదో టికెట్ చేసేసరికి వెయిటింగ్ లిస్టు పడుతుంది. అప్పుడు 16 మంది బెర్తుల్లో, నలుగురు తలుపు దగ్గర బ్యాగుల మీద. ఆర్‌ఏసీ వస్తే ఒక సైడ్ లోయర్ బెర్తు మీద ఇద్దరు తెల్లారేదాకా కూర్చునే ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు గోల్‌కీపరైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

చేయగలిగింది కొంత ఉంది. తేదీలు తెలిసిన రోజే నలుగురు వేర్వేరు చోట్ల కూర్చుని నాలుగు టికెట్లు ఒకేసారి చేయాలి. మేనేజర్ మేడమ్ పేరు ఒక టికెట్‌లో, కోచ్ పేరు ఇంకో టికెట్‌లో, మిగతా రెండింటిలో కెప్టెన్, వైస్ కెప్టెన్ ఉండాలి. బోగీలు చెదిరినా ప్రతి గుంపుకూ బాధ్యత తెలిసిన మనిషి ఉంటుంది. తిరుగు టికెట్ తొలి మ్యాచ్ మర్నాటికి చేసి, గెలిస్తే రద్దు చేసుకోవడం మంచిది. మామూలు కోటాలో ముందే చేసిన టికెట్ రద్దు చేస్తే కొంత పోతుంది. ఖరారైన తత్కాల్ టికెట్ మీద పైసా వెనక్కి రాదు. ఈ రద్దు ఖర్చును వృథా కింద లెక్కకట్టి బిల్లు కొట్టేసే పద్ధతి మానాలి. గెలిచినందుకు అయిన ఖర్చు అది. తమిళనాడు దక్షిణానికి వెళ్లే జట్టు చెన్నై సెంట్రల్‌లో దిగి ఎగ్మూర్‌లోనో తాంబరంలోనో రైలు మారాల్సి వస్తుంది. సామాన్లతో 20 మంది మారడానికి మూడు గంటల వ్యవధి చూసుకోవాలి. మన రైలు గూడూరు దాటాక గంట ఆలస్యమైతే రెండు గంటల వ్యవధి చాలదు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మాయిలకు టికెట్ లేదు. ఉదయగిరి, కనిగిరి, మార్కాపురం వైపు పిల్లలు ఎంపికలకు నెల్లూరుకో ఒంగోలుకో రావడానికి ఇది నిజంగా పెద్ద సాయం. బస్ చార్జీలకు ఇంట్లో అడగలేక ఆట మానుకునే పిల్లలకు ఇప్పుడా అడ్డు లేదు. గుర్తింపు కార్డు మాత్రం దగ్గరుండాలి. అయితే ఉచితం కదా అని రాష్ట్రంలో ఆ మూల జరిగే మ్యాచ్‌కి రాత్రంతా ఎక్స్‌ప్రెస్‌లో, సగం మంది నిలబడి వెళ్లేలా పంపడం తగదు. ఆ రాత్రి మిగిలిన డబ్బు మర్నాడు రెండో హాఫ్‌లో పిక్కలు పట్టేసినప్పుడు తెలుస్తుంది. పథకం రాష్ట్రం దాటితే వర్తించదు, కోచ్ మగవాడైతే ఆయనకు టికెట్ మామూలే. బడ్జెట్ వేసేటప్పుడు ఈ రెండూ మరిచిపోతున్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరూ నోరు విప్పి చెప్పనిది నీళ్ల సంగతి. ప్రయాణంలో అమ్మాయిలు నీళ్లు తాగరు. తాగితే వెళ్లాల్సి వస్తుంది, వెళ్లడానికి చోటుండదు. సాయంత్రం బస్సెక్కిన పిల్ల చేతిలో లీటరు సీసా పొద్దునకు ముప్పావు వంతు నిండే ఉంటుంది. ఆ పిల్లే ఎండలో గంటన్నర పరుగెత్తాలి. ‘నీళ్లు తాగండమ్మా’ అని చెబితే సరిపోదు. బయల్దేరే ముందే మేనేజరు దారిలో మరుగుదొడ్డి బాగుండే పెట్రోలు బంకులు, బస్టాండ్లు రాసుకుని, ప్రతి రెండు గంటలకు ఒకచోట ఆపుతామని పిల్లలకు చెప్పాలి. ఆగే చోటు తెలిస్తే వాళ్లే తాగుతారు. దిగినప్పుడు అయిదు నిమిషాలు నడిపిస్తే కాళ్ల వాపు కూడా దిగుతుంది. అందుకే అమ్మాయిల జట్టు వెంట మేడమ్ ఒకరు తప్పనిసరి అంటున్నాం. ‘సార్, బస్సు ఆపండి’ అని అడగలేక నాలుగు గంటలు బిగపట్టుకునే పిల్లలున్నారు.

మ్యాచ్ రోజు మనిషికి మూడు లీటర్ల లెక్కన 18 మందికి 54 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. ఓఆర్ఎస్ పొట్లం 21.8 గ్రాములది పూర్తిగా లీటరు నీళ్లకు కలపాలి. అర లీటరు సీసాలో పొట్లమంతా పోసేస్తుంటారు. అలా చిక్కగా కలిపితే కడుపులో తిప్పుతుంది, దాహం తీరదు. పొట్లం మీద రాసిన కొలత చూడాలి, దుకాణంలో దొరికే తీపి పానీయాలను ఓఆర్ఎస్ అనుకోకూడదు. ఎండ ఎక్కువగా ఉంటే 90 సెకన్ల నుంచి 3 నిమిషాల కూలింగ్ బ్రేక్‌కు ఆట నియమాల్లోనే వీలుంది. ముందు రోజు మేనేజర్ల మీటింగ్‌లో ఆ మాట అడగాలి. ఎంతమందిని మార్చుకోవచ్చో కూడా అక్కడే తెలుసుకోవాలి. మ్యాచ్ పొద్దునకు చేరే జట్టుకు ఆ మీటింగే దక్కదు.

తిండికి పెరుగన్నాన్ని మించింది లేదు, చేసే పద్ధతి తెలిస్తే. 20 మందికి రెండున్నర కిలోల బియ్యం మెత్తగా వండి, చేయి పెట్టగలిగేంత చల్లారాక నాలుగు లీటర్ల కాచిన పాలు పోసి మెదిపి, ఒక గరిటె పెరుగు, తగినంత ఉప్పు కలపాలి. తెల్లవారుజామున కలిపితే మధ్యాహ్నానికి డబ్బాలోనే కమ్మగా తోడుకుంటుంది. మొదటే పెరుగంతా పోస్తే పదకొండు గంటలకే పులిసిపోతుంది. వేడన్నానికి మూత బిగించినా మూత కింద ఆవిరి చెమ్మకు పాడవుతుంది. పులిహోర దారిలో బాగానే ఉంటుంది కానీ మ్యాచ్‌కు ముందు ఆ నూనె, పులుపు వద్దు. మ్యాచ్‌కు మూడు గంటల ముందు ఇడ్లీ, గంట ముందు ఒక అరటిపండు చాలు. పొద్దున ఏడున్నరకు మ్యాచ్ పెడితే తెల్లవారుజామున నాలుగున్నరకు ఇడ్లీ ఎక్కడా దొరకదు. ముందు రాత్రే అరటిపళ్లు, బ్రెడ్డు, వేరుశనగ చిక్కీ కొనిపెట్టుకోవాలి.

జెర్సీలు రెండు రంగులవి, రెండింటికీ అవే నంబర్లు, గోల్‌కీపర్‌కు వేరే రంగు. నిక్కర్లు మాత్రం తెల్లవి వద్దే వద్దు. నెలసరి రోజుల్లో తెల్ల నిక్కరు వేసుకున్న పిల్ల నేల మీద జారి బంతి లాక్కునే స్లైడింగ్ టాకిల్‌కి వెళ్లదు, మరక భయంతోనే ఆట సగం పోతుంది. ఇంగ్లండ్ మహిళల జట్టే 2023లో తెల్లవి మానేసి నీలం వేసుకుంది. టెండర్ పెట్టేటప్పుడు ‘ముదురు రంగు’ అని ఒక్క మాట రాస్తే పైసా అదనపు ఖర్చు లేదు. ప్యాడ్లు మందుల పెట్టెలోనే ఉండాలి, ఎవరినీ అడగకుండా తీసుకునే వీలుండాలి.

మన గట్టి నేలకు చిన్న రబ్బరు ముళ్ల బూట్లు సరిపోతాయి. పచ్చిగడ్డి గ్రౌండ్ మీద అవి జారతాయి. అక్కడ స్టడ్స్, అంటే పొడవైన ముళ్లు ఉన్నవి కావాలి. కొత్త స్టడ్స్ టోర్నమెంట్‌కే మొదటిసారి తొడిగితే మడమ మీద బొబ్బలు ఖాయం. కనీసం రెండు వారాల ముందే ఇచ్చి రోజూ అరగంట వేయించాలి. తడిసిన బూట్లను ఎండలో పెడితే అతుకు ఊడుతుంది. పాత పేపర్లు ఉండలు చుట్టి లోపల కుక్కి, రెండు మూడు గంటలకోసారి మార్చి నీడలో ఆరబెట్టాలి. బంతి గాలి నియమం ప్రకారం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్లు. పంపు సూదిని పొడిగా గుచ్చితే వాల్వ్ చిరుగుతుంది, నీళ్లలో ముంచి గుచ్చాలి. సూదులు విరుగుతాయి, నాలుగు ఉంచుకోండి.

మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంటు తెగడం ఫుట్‌బాల్ ఆడే మగపిల్లల కన్నా ఆడపిల్లల్లో రెండు మూడు రెట్లు ఎక్కువ. దానికి ఫిఫా 11 ప్లస్ అనే 20 నిమిషాల వార్మప్ ఉంది: 8 నిమిషాల పరుగు, 10 నిమిషాలు బలం, బ్యాలెన్స్, గెంతులు, చివర 2 నిమిషాల వేగం. వారానికి కనీసం రెండుసార్లు సీజనంతా చేయిస్తేనే ఫలితం. ఆలస్యంగా దిగిన జట్టు మొదట ఎగ్గొట్టేది ఈ 20 నిమిషాలనే. గెంతి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి ఒకదానికొకటి తగిలేలా వంగుతున్నాయా అన్నది కోచ్ ఎదురుగా నిలబడి చూడాలి, పక్కనుంచి చూస్తే కనపడదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. జట్టులో లేదనుకోవడానికి ఏ కారణమూ లేదు. జులైలోనే హిమోగ్లోబిన్ చూపించాలి. 12 కన్నా తక్కువుంటే డాక్టరు చెప్పినట్టు ఐరన్ మాత్రలు వేయించాలి, భోజనం వెంటనే టీ మాన్పించాలి. డిసెంబరులో ‘ఈ పిల్లకు దమ్ము లేదు’ అనుకుంటే లాభం లేదు.

కాగితాల దగ్గర ఓడిపోయే జట్లూ ఉన్నాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది. అర్హత పత్రం పరిశీలనలో అక్కడే ఆపుతారు. సెప్టెంబరులోనే ప్రతి పిల్లవీ మెమోలు, ఆధార్, కాలేజీ గుర్తింపు కార్డు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఒరిజినళ్లు ఒక ఫైలులో, జిరాక్సులు రెండు సెట్లు వేరే బ్యాగులో. ప్రిన్సిపాల్ సంతకం, రిజిస్ట్రార్ సంతకం బయల్దేరే రోజు పరుగెత్తి చేయించుకునేవి కాకూడదు.

ఆఖరి ఏడాదిలో అయిదో సెమిస్టర్ పరీక్షలు, ఇంటర్న్‌షిప్ ఇదే సమయానికి వస్తాయి. పిల్లలు రైల్లో పుస్తకం పట్టుకుని కూర్చుంటారు, ఒక పేపరు తప్పితే డిగ్రీ ఆలస్యమవుతుందన్న దిగులుతోనే ఆడతారు. పరీక్షల విభాగం పోటీల తేదీలను ముందే తీసుకుని, తప్పిన పేపరుకు ప్రత్యేక పరీక్ష ఉంటుందని రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాట చాలదు, మాట ఇచ్చినవారు బదిలీ అయితే అడిగే దిక్కుండదు. ప్రయాణం రోజులతో కలిపి హాజరు వేయాలి.

‘ఆడపిల్లకు ఫుట్‌బాల్ ఎందుకు’ అని అడిగే తల్లిదండ్రులకు చెప్పడానికి ఇప్పుడు మాట ఉంది. 2025 జులైలో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి భారత మహిళల జట్టు ఆసియా కప్‌కు అర్హత సాధించింది. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన సౌమ్య గుగులోత్ దేశానికి ఆడుతోంది. రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడల కోటాను 2 నుంచి 3 శాతం చేసింది. ఆ కోటాలో చేయి చాచి అడిగేది సర్టిఫికెట్. అందుకని తిరుగు రైలెక్కే ముందు మేనేజరు నిర్వాహకుల దగ్గర కూర్చుని 18 సర్టిఫికెట్లూ ఒక్కొక్కటిగా చదవాలి: పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉందా, తండ్రి పేరు, తేదీలు, సంతకం, ముద్ర. ‘పోస్టులో పంపుతాం’ అంటే ఒప్పుకోవద్దు. జూన్ తర్వాత ఆ పిల్ల ఏ ఊళ్లో ఉంటుందో, ఏ చిరునామాకు పంపాలో కాలేజీలో ఎవరి దగ్గరా ఉండదు.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల డిగ్రీ కళాశాలల ఫిజికల్ డైరెక్టర్లు కొందరు