మీ రోజిన్ డబ్బా మా దగ్గరే ఉంది

పోయిన శనివారం ఇక్కడ అమెరికాలో ఒక సంగీత కచేరీకి వెళ్ళినప్పుడు మాకు సాయం చేసిన వాళ్ళెవరి పూర్తి పేర్లూ మాకు తెలియవు. ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి, అక్కడ వాయించిన బ్యాండు అభిమానులకి చేరేలా పంపించాను. అయినా మనసు ఊరుకోలేదు. మన భాషలో, మనవాళ్ళ మధ్య చెప్పుకుంటే తప్ప నాకు తృప్తి ఉండదు.

మా పాపకి పదకొండేళ్ళు. తొమ్మిదో ఏట పేనుకొరుకుడు మొదలైంది. ముందు రూపాయి బిళ్ళంత, ఆరు నెలలు తిరిగేసరికి తల మొత్తం. పేరులో పేను ఉన్నా పేలకీ దీనికీ సంబంధం లేదనీ, ఒంట్లోని రోగనిరోధక శక్తే జుట్టు కుదుళ్ళ మీద దాడి చేస్తుందనీ, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదనీ డాక్టరు చెప్పారు. మా అమ్మ ఫోన్లో గురివింద గింజ అరగదీసి రాయమంది. అది విషం, వద్దన్నారు డాక్టరు. కనపడ్డవాళ్ళు "తిరుపతి వెళ్ళొచ్చారా?" అని ప్రేమగానే అడిగేవాళ్ళు. పాప కూడా "అవును ఆంటీ" అనేది. కానీ తిరుపతిలో ఇచ్చిన జుట్టు మూణ్ణెల్లకి మళ్ళీ వస్తుంది కదా. ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియక పుట్టినరోజులకీ పూజలకీ రావడం మానేసింది. నీలం రంగు ఊలు టోపీ ఒకటి, నిద్రలో కూడా తీసేది కాదు.

ఆ రోజుల్లో మా కాలనీలోని ఒక అక్క ఒక వీడియో పంపింది. గిటారు పట్టుకున్న ఒకమ్మాయి, పాట మధ్యలో విగ్గు తీసి పక్కన పెట్టి, నున్నటి తలతో నవ్వుతూ వాయిస్తోంది. పేరు మాలీ టటిల్. మూడేళ్ళ వయసులో ఇదే జబ్బుతో జుట్టంతా పోయిందట. 2017లో ఇంటర్నేషనల్ బ్లూగ్రాస్ మ్యూజిక్ అసోసియేషన్ ఇచ్చే ఉత్తమ గిటారు కళాకారుల అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆవిడే. తన అప్పటి బ్యాండు గోల్డెన్ హైవేతో కలిసి 2022లో తెచ్చిన 'క్రూకెడ్ ట్రీ' ఆల్బంకీ, మరుసటి ఏడాది తెచ్చిన 'సిటీ ఆఫ్ గోల్డ్'కీ గ్రామీలు వచ్చాయి. మా పాప ఆ వీడియో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. మొదట ఆ తల కోసం చూసింది, తర్వాత్తర్వాత ఫిడేలు కోసం చూడడం మొదలుపెట్టింది. ఆ బ్యాండులో ఫిడేలు వాయించిన బ్రాన్విన్ కీత్-హైన్స్ విల్లు ఆడించే తీరు చూసి, "అమ్మా, మన వయొలినే, కానీ ఇలా పరిగెడుతోందేంటి?" అని అడిగింది.

ఈ బ్లూగ్రాస్ సంగీతం తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. కెంటకీవాడైన బిల్ మన్రో 1939లో తన బ్లూ గ్రాస్ బాయ్స్‌తో మొదలుపెట్టిన బాణీ ఇది. 1945 చివర్లో మేముండే నార్త్ కరోలినా కుర్రాడు ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్ళ బాంజోతో అందులో చేరాక దానికి ఇప్పటి ఊపు వచ్చింది. డ్రమ్ములుండవు. మాండొలిన్ తీగల మీద పొట్టిగా కొట్టే దెబ్బే తాళం. పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్‌ని విన్న చెవులకి అదే వాయిద్యం ఇంత భిన్నంగా మోగడం వింతగా ఉంటుంది.

సరే, శనివారం. మాలీ కచేరీకి రెండున్నర గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళాం. గేటు దగ్గర మా మూడు టికెట్లూ స్కాన్ కాలేదు. ఒక యాప్‌లో ఎవరో మళ్ళీ అమ్మకానికి పెట్టినవి కొన్నాం, అవి చెల్లనివట. బయట హౌస్‌ఫుల్ బోర్డు. మా వారు ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. పాప ఏమీ అనలేదు, టోపీ ఇంకాస్త కిందికి లాక్కుంది. నాకు ఏడుపొచ్చింది.

మా వెనక లైన్లో ఉన్న ఒకావిడ విషయం కనుక్కుంది. ఈ బ్యాండు ఎక్కడ వాయిస్తే అక్కడికి వెళ్ళే గుంపు వాళ్ళది. "మీరు కంగారు పడకండి, మాకు వదిలేయండి" అని నలుగురూ నాలుగు వైపులా వెళ్ళారు. ఈలోపు వాళ్ళలో ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, పాపని పార్కింగ్‌లో తన ట్రక్కు దగ్గరికి రమ్మన్నారు. అక్కడ ఏడెనిమిది మంది గుండ్రంగా నిలబడి వాయించుకుంటున్నారు. కచేరీకి ముందు ఇలా పార్కింగ్‌లో కూడి వాయించుకోవడం వీళ్ళకి అలవాటు. "నువ్వేం వాయిస్తావు?" అని ఆయన అడిగితే పాప వయొలిన్ అంది. ఆయన తన ఫిడేలు చేతికిచ్చేశారు.

పాప గడ్డి మీద బాసింపట్టు వేసుక్కూర్చుంది. ఫిడేలు తలని కుడి పాదం మీద ఆనించింది. అందరూ ఆగి చూశారు. ఎవరూ నవ్వలేదు. తీగలు మీటి చూసి, "శృతి వేరేగా ఉంది. నాకు స-ప-స-ప కావాలి" అంది. నేను నాకొచ్చిన మాటల్లో వివరించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. పై రెండు తీగలనీ ఒక్కో స్వరం కిందికి దించి, వాళ్ళ స్వరాల పేర్లలో జి-డి-జి-డి చేసి ఇచ్చారు. "ఇది మాకూ ఉంది మ్యామ్, క్రాస్ ట్యూనింగ్ అంటాం. మా పాతకాలం ఫిడేలు వాళ్ళదంతా ఇదే" అన్నారు. ఇంత దూరదేశంలో మా పంతులమ్మ నేర్పిన శృతి ఒక ట్రక్కు వెనకాల దొరుకుతుందని నేనెక్కడ అనుకున్నాను?

తర్వాత ఆయన మోకాళ్ళు పట్టుకుంటూ మెల్లిగా పాప పక్కనే నేల మీద కూర్చున్నారు. బాంజో ఆయన ఒక పాట ఎత్తుకున్నారు. బాంజోకి ఐదో తీగ పొట్టిది, అది పాట పొడుగునా తంబురాలా షడ్జం పలుకుతూనే ఉంటుంది. పాప నా వైపు తిరిగి "అమ్మా, ఇది మోహనం!" అని, వాళ్ళ వెనకే వాయించడం మొదలుపెట్టింది. వంతు వచ్చినప్పుడు అందరూ శబ్దం తగ్గించి పాపకి దారి ఇచ్చారు. టోపీ గురించి ఒక్కరూ అడగలేదు. చూడనట్టు నటించలేదు కూడా, నిజంగానే వాళ్ళు చేతుల్నే చూశారు.

అరగంటకి మూడు టికెట్లు వచ్చాయి. రెండు ఎవరో స్నేహితులు రాలేకపోయినవి. మూడోది ఒక కుర్రాడిది. "నేను చాలాసార్లు విన్నాను, గోడ బయట కూడా బాగా వినపడుతుంది" అన్నాడు. డబ్బిస్తే ఎవరూ తీసుకోలేదు. బాబూ, నువ్వు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

కచేరీలో ఆ పాట వచ్చింది. ఆవిడ విగ్గు తీసింది. పాప టోపీ తీయలేదు, నేనూ తీయమనలేదు. నా చెయ్యి మాత్రం పాట అయ్యేదాకా గట్టిగా పట్టుకుంది. మాలీ గారూ, గోల్డెన్ హైవేలో ఆవిడతో వాయించిన బ్రాన్విన్, డొమినిక్, కైల్, షెల్బీ, మీ అందరికీ ఈ తల్లి చేతులెత్తి దణ్ణం పెడుతోంది.

ఆదివారం పొద్దున ఎప్పటిలాగే విజయవాడ నుంచి పంతులమ్మగారి ఆన్‌లైన్ క్లాసు. నేను వంటింట్లో ఉన్నాను. వాయిద్యం వినపడకపోతే వెళ్ళి చూశాను. పాప టోపీ లేకుండా కెమెరా ముందు కూర్చుని ఉంది. రెండేళ్ళలో మొదటిసారి. పంతులమ్మగారు ఒక్క క్షణం చూసి, "పంచమం దిగింది, శృతి చూసుకో తల్లీ" అన్నారు. అంతే, క్లాసు మొదలైపోయింది. అమ్మా, మీకు నేనెంత రుణపడ్డానో చెప్పలేను. ఆ వీడియో పంపిన అక్కకి కూడా.

వయొలిన్ పెట్టె సర్దుతుంటే అందులో మనది కాని, విల్లుకి రాసే రోజిన్ డబ్బా కనపడింది, గోధుమరంగు గుడ్డలో చుట్టి ఉంది. పాప పొరపాటున జేబులో వేసుకుని వచ్చేసింది. తాతగారూ, అది భద్రంగా ఉంది. మీ చిరునామా తెలిస్తే పంపిస్తాం, లేదా వచ్చే కచేరీలో మీ ట్రక్కు దగ్గరికే తెచ్చి ఇస్తాం. ఈసారి పాప తన వయొలినే తెచ్చుకుంటానంటోంది.