ఎదుటి బండికి ఇన్సూరెన్స్ లేదని నా క్లెయిమ్ ఆపడంపై ఫిర్యాదు

కస్టమర్ ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: 38 రోజులుగా పెండింగ్‌లో ఉన్న నా కారు క్లెయిమ్ గురించి. (పాలసీ, క్లెయిమ్ నంబర్లు జతచేసిన కాగితాల మీద ఉన్నాయి.)

అయ్యా,

గత నెల 9వ తేదీ ఉదయం అమ్మను కంటి డాక్టరుకు చూపించడానికి గుంటూరు నుంచి విజయవాడ బయల్దేరాను. కాజ టోల్‌గేటు దగ్గర క్యూలో నా ముందు ఇంకా రెండు కార్లున్నాయి. బ్రేకు మీద కాలు పెట్టి ఆగి ఉన్నాను. వెనక వస్తున్న ట్రాలీ ఆటో ఆగకుండా వచ్చి గుద్దేసింది. డిక్కీ తలుపు లోపలికి నొక్కుకుపోయింది, బంపర్ రెండు ముక్కలైంది. చెల్లికి ఇద్దామని డిక్కీలో పెట్టిన ఆవకాయ జాడీ పగిలి లోపలంతా నూనె. వెనక సీట్లో ఉన్న అమ్మకు మెడ పట్టేసింది.

ట్రాలీ నడిపిన అబ్బాయికి చేతులు వణుకుతున్నాయి. "ఓనర్ ఇన్సూరెన్స్ కట్టలేదు మేడమ్" అని ఏడ్చినంత పని చేశాడు. అక్కడే బండ్ల వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో బండి నంబరు కొట్టి చూశాను. గడువు తీరి 14 నెలలైంది. ఇన్సూరెన్స్ లేని బండిని రోడ్డెక్కించడం నేరం. మొదటిసారి అయితే 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను, ఆ సంగతి పోలీసులు చూస్తారు. నా బాధ మీ కంపెనీ వల్ల.

అదే రోజు మీ టోల్‌ఫ్రీ నంబరుకు చెప్పాను. 11న సర్వేయర్ షెడ్డుకు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. 78,400 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చాం. ఆయన అడిగిన ఆర్సీ, లైసెన్సు, స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు కాపీ అన్నీ మర్నాడే పంపాను. మూడు వారాల తర్వాత మీ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఎదుటి వాహనానికి బీమా లేదు కాబట్టి, దాని యజమాని మీద మోటారు ప్రమాదాల నష్టపరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో కేసు వేసి, ఆ కాపీ పంపేదాకా ఫైలు ముందుకు కదలదట.

ఈ షరతు నా పాలసీలో ఎక్కడుందో చూపించండి. రెండుసార్లు మొత్తం చదివాను, కనపడలేదు. నేను తీసుకున్నది ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి మాత్రమే పనికొచ్చే ఉత్త థర్డ్ పార్టీ పాలసీ కాదు. ప్రీమియం రసీదులో ఓన్ డ్యామేజ్‌కి ఒక మొత్తం, థర్డ్ పార్టీకి ఒక మొత్తం, విడిభాగాల పాతదనానికి కోత పెట్టకుండా ఇచ్చే జీరో డెప్‌కి ఇంకో మొత్తం విడివిడిగా రాసి మీరే తీసుకున్నారు. ఓన్ డ్యామేజ్ అంటే తప్పు ఎవరిదైనా నా బండికి జరిగిన నష్టం ఇస్తామని కదా. నేనే వెళ్లి గోడకు గుద్దుకుని ఉంటే ఇచ్చేవారు. ఆగి ఉన్న కారును మరొకరు గుద్దితే ఆపేస్తారా?

ఆ ఓనర్ దగ్గర వసూలు చేయాలనుకుంటే ఆ దారి మీకు ఉండనే ఉంది. నాకు చెల్లించాక ఆ హక్కు మీకు వస్తుంది, దాన్నే సబ్రోగేషన్ అంటారు. ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి నేను సిద్ధం. అంతేగాని ముందు నన్ను కోర్టు చుట్టూ తిప్పి, తర్వాత చూద్దాం అనడం న్యాయం కాదు. ట్రిబ్యునల్ కేసు ఎన్నేళ్లు పడుతుందో మీకు నాకంటే బాగా తెలుసు.

నాలుగేళ్లలో ఒక్క క్లెయిమ్ పెట్టలేదు. అందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 45 శాతం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, ఉంది. తప్పు నాది కాకపోయినా అది పోతుందని తెలిసే క్లెయిమ్ పెట్టాను. క్లెయిమ్‌లో నా వంతుగా భరించాల్సిన కంపల్సరీ డిడక్టబుల్ పట్టుకుంటారు, పట్టుకోండి. వాటి మీద పేచీ లేదు.

అమ్మ వైద్యం ఖర్చు ఈ క్లెయిమ్‌లో అడగడం లేదు. కానీ ఒక మాట చెప్పాలి. ప్యాసింజర్ కవర్ అమ్మేటప్పుడు మీ ఏజెంటు "ఫుల్ ఇన్సూరెన్స్ మేడమ్, లోపల కూర్చున్నవాళ్లకూ వస్తుంది" అన్నారు. తీరా చూస్తే అది చనిపోతేనో, శాశ్వతంగా అంగవైకల్యం వస్తేనో ఇచ్చేది. మెడకు పట్టీ వేసుకుని నెలరోజులుగా నిద్రపట్టక కూర్చుంటున్న మనిషికి అందులో ఏమీ లేదు. ఎదుటివాడికి ఇన్సూరెన్స్ లేకపోతే మన చేతికి ఏం వస్తుందో, ఏం రాదో అమ్మేరోజే తెలుగులో చెప్పించండి.

డిక్కీని నైలాన్ తాడుతో కట్టుకుని రోజూ స్కూలుకు వెళ్తున్నాను. వాన పడితే లోపలికి నీళ్లు వస్తున్నాయి. అప్రూవల్ రానిదే పని మొదలుపెట్టలేమని షెడ్డువాళ్లు అంటున్నారు.

బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్ ప్రకారం సర్వే రిపోర్టు 15 రోజుల్లో రావాలి, అది వచ్చిన 7 రోజుల్లో క్లెయిమ్ తేల్చాలి. రెండు గడువులూ దాటాయి. ఈ లేఖ అందిన వారంలోగా రిపేరుకు అప్రూవల్ ఇవ్వండి, సర్వే రిపోర్టు కాపీ నాకు పంపండి. కాదంటే ఏ షరతు కింద కాదంటున్నారో దాని నంబరుతో సహా రాతపూర్వకంగా చెప్పండి. ఫోన్‌లో చెప్పే మాటలు ఇక వద్దు.

జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెడతాను. నెల దాటితే బీమా తగాదాలు తేల్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను. అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కాగితాలన్నీ వరసగా పెట్టుకున్నాను.

ఇట్లు,
మీ పాలసీదారు,
గుంటూరు

జతచేసినవి: పాలసీ కాపీ, ప్రీమియం రసీదు, ఎస్టిమేట్, పోలీసు ఫిర్యాదు కాపీ, మీ మెయిల్, ఎంపరివాహన్ స్క్రీన్‌షాట్, కారు ఫోటోలు.