కెమెరాల సంగతి తర్వాత, ముందు గేటు సంగతి చూడు

అమ్మలూ,

నువ్వు పంపిన ప్రాజెక్టు కాగితాలు మొత్తం చదివాను. బాగా రాశావు. అభయారణ్యం లోపలి ఊళ్ళలో పాటలు, కథలు, మందుమొక్కల వివరాలు, పూజలు అన్నీ పెద్దవాళ్ళతోనే పోతాయేమోనన్న నీ బెంగ ప్రతి పేజీలో కనిపించింది. రికార్డింగ్, వెబ్‌సైట్, ఏడాదికోసారి ఉత్సవం, బడిలో వారానికో క్లాసు అని పనులు వేసుకున్నావు. డబ్బులో సగానికి పైగా కెమెరాలకూ ఎడిటింగ్‌కూ పోతోంది. నీకు నచ్చకపోయినా చెబుతున్నాను, ఇన్ని పనుల్లో ఒక్కటి కూడా పిల్లల్ని ఫారెస్ట్ గేటు దాటించి అడవిలోకి తీసుకెళ్ళడం లేదు.

రికార్డింగ్ వద్దని కాదు. ఎనభై ఏళ్ళ మనిషి ఒక్కరికే వచ్చిన పాట ఉంటే రేపే వెళ్ళి రికార్డు చెయ్యి. దాంతో పాట భద్రంగా ఉంటుంది, ఇంకొకరికి మాత్రం రాదు. ఈత వీడియోలు ఎన్ని చూసినా నీళ్ళలో దిగందే ఈత రాదు కదా. యునెస్కో 2003 ఒప్పందం నీ మొదటి పేజీలోనే ఉంది. పాటలు, విద్యలు, ఆచారాల లాంటి సాంస్కృతిక వారసత్వం తరం నుంచి తరానికి అందుతూ, చుట్టూ ఉన్న ప్రకృతితో పాటు మారుతూ వస్తుందన్న నిర్వచనం రాశావు. అదే ఒప్పందంలో 14వ అధికరణం కూడా ఉంది. ఆ వారసత్వం బతకడానికి అవసరమైన సహజ ప్రదేశాలను కాపాడుకోవడం గురించి జనానికి నేర్పాలని అందులో ఉంది. అది వదిలేశావు.

కర్ణాటకలో బిలిగిరి రంగన్న కొండల్లో సోలిగలు అనే గిరిజనులు ఉంటారు. ఎండలు ముదరకముందే, ఆకు రాలిన నేల మీద వాళ్ళు చిన్న నిప్పు పెట్టేవాళ్ళు. పెద్ద చెట్లను అంటుకోకుండా కింద చెత్తను కాల్చుకుంటూ పోయే నిప్పు. కలుపు మొలకలు చస్తాయి, ఉసిరి చెట్లకు పట్టే బదనిక అదుపులో ఉంటుంది, కొత్త గడ్డి లేస్తుంది అని వాళ్ళ లెక్క. 1974లో ఆ కొండలు అభయారణ్యం అయ్యాయి. పోడు, వేట, నిప్పు అన్నీ బంద్. తర్వాత బయటి దేశం నుంచి వచ్చిన లాంటానా పొదలు అడవిలో విపరీతంగా కమ్ముకున్నాయి. నిప్పు ఆపబట్టే ఇలా అయిందంటారు సోలిగ పెద్దలు. అక్కడ పనిచేసిన పరిశోధకులు కొందరు ఆ మాటను సమర్థించారు కూడా.

ఆ వాదన ఎలా ఉన్నా, నువ్వు ఒక పిల్లవాడి వైపు నుంచి చూడు. ఆకు ఎంత ఎండాక నిప్పు పెట్టాలి? పొద్దునా, సాయంత్రమా? గాలి ఎటు ఉంటే ఆగాలి? ఎక్కడ తొక్కి ఆర్పాలి? ఇవన్నీ తాత పక్కన నిలబడి, కాళ్ళ కింద ఆకు చప్పుడు వింటూ పట్టుకునే సంగతులు. నిప్పు ఆగి ఇన్నేళ్ళయ్యాక ఆ తాతకే చిన్నప్పటి జ్ఞాపకం కొంచెం మిగిలి ఉంటుంది. కెమెరా ముందు కూర్చోబెడితే ఆయన రెండు మాటలు చెప్పి ఊరుకుంటాడు. నీకు ఇంటర్వ్యూ సరిగ్గా చేయలేదన్న టెన్షన్ మిగులుతుంది. తప్పు నీదీ కాదు, ఆయనదీ కాదు. అది కూర్చుని చెప్పే విషయం కాదు.

ఆస్ట్రేలియాలో ఉలురు అనే పెద్ద రాతికొండ దగ్గర కూడా ఇలాగే జరిగింది, కాకపోతే కథ అక్కడితో ఆగలేదు. అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలు నేలను ముక్కలు ముక్కలుగా కాల్చే పద్ధతి 1930ల తర్వాత సన్నగిల్లింది. 1976లో వచ్చిన కార్చిచ్చుల్లో పార్కులో ఎక్కువ భాగం తగలబడిపోయింది. 1985లో భూమిని అనంగులకు తిరిగి ఇచ్చేశారు. వాళ్ళు దాన్ని జాతీయ పార్కు కోసం 99 ఏళ్ళకు లీజుకిచ్చారు, పార్కును నడిపే బోర్డులో మెజారిటీ వాళ్ళదే. ఇప్పుడు పార్కు సిబ్బంది నేలను కాల్చేది అనంగుల పద్ధతిని కలుపుకునే, ఆ పనిలో అనంగు రేంజర్లు ఉన్నారు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది జీతం. సంస్కృతి మీద ప్రేమతో ఊళ్ళో ఉండిపొమ్మని కుర్రవాళ్ళకు చెప్పడం తేలిక, నెల తిరిగేసరికి ఇల్లు గడవాలి కదా. తాత విద్యే ఉద్యోగమైతే వాడిని ఎవరూ బతిమాలక్కర్లేదు.

దీనికి పూర్తిగా తిరగబడిన కథ ఉగాండాలో ఉంది. 1991లో బ్విండి, మ్గహింగా అడవులను గొరిల్లాల కోసం జాతీయ పార్కులు చేసి, అక్కడే బతుకుతున్న బట్వా తెగవాళ్ళను బయటికి పంపేశారు. చాలా ఏళ్ళ తర్వాత మ్గహింగాలో ఒక టూర్ మొదలైంది. బట్వాలే టూరిస్టులను వెంటబెట్టుకుని, నిప్పు ఎలా పుట్టించేవాళ్ళో, తేనె ఎలా తీసేవాళ్ళో చేసి చూపిస్తారు. కొంత డబ్బు వస్తుంది, పాట నోట్లో ఆడుతుంది, దాన్ని తీసిపారేయను. కానీ ఆ విద్యతో ఆ అడవిలో బతికే హక్కు ఆ పిల్లలకు లేదు. నీ ఉత్సవం పేజీ చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది. వేడుక చేసుకోవాలా వద్దా, ఎప్పుడు, ఎవరి ముందు అన్నది ఊరివాళ్ళకే వదిలెయ్యి.

బడిని మాత్రం తక్కువ చెయ్యను. స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లో లా గొమేరా అని ఒకటుంది, మధ్యలో గరహొనాయ్ జాతీయ పార్కు. లోయకు ఆ గట్టు నుంచి ఈ గట్టుకు కబురు పంపడానికి అక్కడివాళ్ళకు ఈల భాష ఉంది. రోడ్లు, ఫోన్లు వచ్చి, కాపరులు తగ్గిపోయాక దాని అవసరం పోయింది. 1999 నుంచి దాన్ని బడుల్లో తప్పనిసరి చేశారు, 2009లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. బడి లేకపోతే ఆ ఈల ఈపాటికి ముసలివాళ్ళ నోట్లోనే ఉండేది. అయితే అది గదిలో కూర్చుని వెయ్యగలిగిన ఈల కాబట్టి బడిలో కుదిరింది. నిప్పు పెట్టడం బడిలో నేర్పలేవు, తేనెపట్టు దగ్గరికి తాడు మీద దిగడం నేర్పలేవు. నీ జాబితాలో ఏవి గదిలో కుదురుతాయో, ఏవి కుదరవో విడదీసి రెండు కాగితాలు చెయ్యి. రెండోదే పెద్దదవుతుందని నా అంచనా.

వీలైతే జెజు దీవి హెన్యోల గురించి నిదానంగా చదువు. కొరియాలో ఆ దీవి 2002 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్, అంటే ప్రకృతినీ మనుషుల బతుకునూ కలిపి కాపాడాలని యునెస్కో గుర్తించిన చోటు. ఆక్సిజన్ లేకుండా ఊపిరి బిగబట్టి పది మీటర్ల లోతుకు దిగి నత్తలు, ఆల్చిప్పలు ఏరుకొచ్చే ఆడవాళ్ళు వీళ్ళు. ఒక్కో మునకకు నిమిషం. ఎనభైల్లో ఉన్నవాళ్ళు కూడా దిగుతారు. పైకి రాగానే బిగబట్టిన గాలిని ఈల వేసినట్టు వదులుతారు. కొత్తగా వచ్చినవాళ్ళు లోతు తక్కువ చోట మొదలుపెడతారు. ఒడ్డున రాళ్ళు పేర్చి కట్టిన గోడ మధ్య మంట వేసుకుని చలి కాచుకునే చోటు ఒకటుంటుంది. అసలు పాఠం అక్కడే. ఎక్కడ రాయి జారుతుంది, ఈ రోజు కెరటం ఎలా ఉంది, గుడ్లు పెట్టే కాలంలో దేన్ని ముట్టుకోకూడదు అని పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే చిన్నవాళ్ళు వింటారు. పట్టే నేర్పూ, పట్టకూడదన్న నియమమూ ఒకే నోట వస్తాయి. ఫారెస్ట్ ఆఫీసర్లతో మాట్లాడేటప్పుడు ఈ ఉదాహరణ పనికొస్తుంది, ఎందుకంటే ఊరి విద్య అంటే తవ్వుకుపోవడమే అనుకునేవాళ్ళు వాళ్ళలో చాలామంది ఉంటారు.

హెన్యోల కూతుళ్ళు ఇప్పుడు అంతగా రావడం లేదు. వాళ్ళను ఏ గేటూ ఆపలేదు, ఆ పని కష్టం, ప్రాణాపాయం. ఇష్టం లేని పిల్లను సముద్రంలోకి తోయలేం. నా ఉద్యోగమే చెయ్యమని నిన్ను నేను అడిగానా? ఊళ్ళో పిల్లలకు కూడా వద్దనే స్వేచ్ఛ ఉండాలి, ఆ మాట నీ ప్రతిపాదనలో ఎక్కడా లేదు.

వెబ్‌సైట్ గురించి కాస్త జాగ్రత్త. ఉలురు చుట్టూ కొన్ని చోట్ల ఫోటో తీయొద్దని బోర్డులు ఉంటాయి. ఆ చోట్ల కథలు కొన్ని మగవాళ్ళకే, కొన్ని ఆడవాళ్ళకే, వినే అర్హత వచ్చినవాళ్ళకే. రికార్డు చేసేముందు ఇది ఎవరు వినొచ్చు అని అడుగు. ఎవరికీ కాదంటే కెమెరా బ్యాగులో పెట్టేసెయ్.

ఇక గేటు. పర్మిషన్ అడిగేటప్పుడు 'సాంప్రదాయ హక్కులు' అని గాలిలో అడిగితే ఫైలు కదలదు. అవతలివాళ్ళ భయాలూ నిజమే, పిల్లలకు జంతువుల నుంచి ఏదైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి? ఒకరికి ఇస్తే పదిమంది వస్తారేమో? అందుకని చిన్నగా, స్పష్టంగా అడుగు. అమెరికాలో 2016లో వచ్చిన నియమం ప్రకారం ప్రభుత్వ గుర్తింపున్న తెగలు జాతీయ పార్కుల్లో తమ మొక్కలు సేకరించుకోవడానికి పార్కుతో ఒప్పందం చేసుకోవచ్చు. 2019లో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో చెరోకీ తెగవాళ్ళు అలాగే సోచన్ అనే ఆకుకూర కోసుకునే ఒప్పందం చేసుకున్నారు. ఒక్క మొక్కతో మొదలైంది. సోలిగలకు 2011లో, అడవి టైగర్ రిజర్వ్ అయిన ఏడాదే, 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు వచ్చాయి. తేనె, ఉసిరి సేకరణకు దారి దొరికింది, నిప్పుకు మాత్రం లేదు. ఎవరైనా వీళ్ళ వల్లే అడవి పోయిందని నీ మొహం మీదే అంటే, కెన్యాలో మౌ అడవిలో బతికే ఓగియెక్ తెగవాళ్ళ కేసు తీర్పు చూపించు. ఆ అడవి తరిగిపోవడానికి వాళ్ళ ఉనికే ముఖ్య కారణమని ప్రభుత్వం నిరూపించలేకపోయిందని 2017లో ఆఫ్రికా మానవ హక్కుల కోర్టు తేల్చింది.

బడ్జెట్‌లో రెండు కెమెరాలు తీసెయ్, ఒకటి చాలు. ఆ డబ్బు పెద్దవాళ్ళ రోజుకూలికి పెట్టు. ఒక ముసలాయన పిల్లలతో అడవికి వస్తే ఆ రోజు ఆయన పని పోతుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఊళ్ళో కూర్చుని, ఏ నెలలో ఏం పండుతుంది, ఏం పూస్తుంది, ఎప్పుడు ఎవరు ఎక్కడికి వెళ్ళేవాళ్ళు అని వాళ్ళ చేతే క్యాలెండర్ వేయించు. గేటు దగ్గర అడగాల్సిన తేదీలు అందులోంచే వస్తాయి. అది వేశాక నాకు పంపు, పర్మిషన్ దరఖాస్తు ఇద్దరం కలిసి రాద్దాం. బడ్జెట్ షీట్‌లో మొత్తాలు ఒకచోట కలవడం లేదు, అది కూడా చూసుకో.

మీ అమ్మ నీ ఫోన్ కోసం చూస్తోంది, ఆదివారం చెయ్యి.

ప్రేమతో,
నాన్న